కారవాన్ మూలలో 24 శాతం చెమ్మ: వాన నీళ్లా, వంట ఆవిరా?

మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటారు. జూన్ మొదట్లో డీలర్ దగ్గర 2014 మోడల్ టూరింగ్ కారవాన్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లులాంటి బండి) కొన్నారు. అప్పుడిచ్చిన కాగితంలో అన్నిచోట్లా చెమ్మ 15 శాతం లోపే ఉంది. అక్టోబరు చివర్లో సర్వీసుకి ఇస్తే ముందు కుడి మూలలో, కిటికీ కింద, 24 వచ్చింది. మిగతా చోట్ల 12 నుంచి 14. "మాస్టిక్ ఎండింది" అని వర్క్‌షాపు వాళ్లు చెప్పారు (మాస్టిక్ అంటే అతుకుల్లోకి నీళ్లు దిగకుండా పరిచే మెత్తటి పదార్థం). "మేం లోపల వంట బాగా చేస్తాం, ఇడ్లీలు కూడా పెడతాం. దాని ఆవిరేనా, లేక లీకా? పగుళ్లు మూసే సిలికాన్ కొట్టేస్తే ఆగుతుందా? చలికాలం ఎలా కాపాడుకోవాలి?" అని అడిగారు.

లీకేనండీ. పాపం, ఇడ్లీల తప్పేం లేదు. వంట ఆవిరి బండి అంతా తిరుగుతుంది, ఒక్క మూలని ఏరుకుని కూర్చోదు. మిగతా గోడలన్నీ పొడిగా ఉండి ఒక్కచోట 24 వచ్చిందంటే అక్కడికి బయటి నీళ్లు చేరుతున్నాయి. సిలికాన్ మాత్రం వద్దు. అసలు ఇప్పుడే ఏమీ పూయకండి. ఎందుకంటే మీరు అడగని సంగతి ఒకటుంది: కొని ఇంకా ఆరు నెలలు నిండలేదు. ఈ వారంలోనే డీలర్‌కి రాతలో చెప్పండి.

నా గురించి రెండు ముక్కలు. ఉంటున్నది కవెంట్రీ పక్కన, ఉద్యోగం సాఫ్ట్‌వేర్. 2012 నుంచి కారవాన్లు వాడుతున్నాను, ఇప్పుడున్నది మూడోది. మొదటిది కొన్న నాలుగు నెలలకే వెనక మూల పుచ్చిపోయిందని తెలిసి, ఒక చలికాలమంతా దాన్ని విప్పి మళ్లీ కట్టుకున్నాను. అప్పటినుంచి మనవాళ్లు ఎవరు పాత బండి కొంటున్నా చెమ్మ కొలిచే మీటరు పట్టుకు రమ్మని పిలుస్తున్నారు. 1997 తర్వాత లైసెన్సు తీసుకున్నవాళ్లు కూడా వేరే పరీక్ష లేకుండా 3,500 కిలోల దాకా లాగొచ్చని 2021 డిసెంబరులో రూలు మారాక ఆ పిలుపులు మరీ ఎక్కువయ్యాయి.

ముందు డీలర్ సంగతి. 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ప్రకారం, వ్యాపారి దగ్గర కొన్న వస్తువులో మొదటి ఆరు నెలల్లో లోపం బయటపడితే అది కొన్ననాటి నుంచే ఉందని లెక్క. కాదని రుజువు చేసుకోవలసింది వ్యాపారి. ఆరు నెలలు దాటితే ఆ బాధ్యత మీ మీదికి వస్తుంది. "పదేళ్లు దాటిన బండి, ఆమాత్రం చెమ్మ ఉంటుంది" అని మొదట దబాయిస్తారు. పాత బండి అన్నది నిజమే, దాన్నీ లెక్కలోకి తీసుకుంటారు. కానీ జూన్‌లో 15 లోపే అని రాసిచ్చింది వాళ్లే. ఆ కాగితం, సర్వీసు వర్క్‌షాపు రిపోర్టు, ఫొటోలు జతచేసి ఈమెయిల్ పెట్టండి. ఫోన్లో మాట్లాడి ఊరుకోవద్దు. డిపాజిట్ అయినా క్రెడిట్ కార్డు మీద కట్టి ఉంటే, బండి ధర 30,000 పౌండ్లు దాటకపోతే, కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్ సెక్షన్ 75 కింద కార్డు కంపెనీకి కూడా బాధ్యత ఉంటుంది. డీలర్ మొండికేస్తే ఆ దారి వాడుకోండి. విడిగా ఒక మనిషి దగ్గర కొన్నవాళ్లకి మాత్రం ఇవేవీ వర్తించవు, అది వేరే కథ.

ఈలోపు మీరు సిలికాన్ పూశారనుకోండి, "మీరే ఏదో కెలికారు" అనడానికి వాళ్లకి దొరికిపోతారు.

ఇప్పుడు అసలు విషయం. ఆ మూలలో గోడ ఎలా ఉంటుందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. మామూలు కారవాన్ గోడలో బయట పల్చటి అల్యూమినియం రేకు, లోపల మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్, మధ్యలో థర్మోకోల్, ఆ థర్మోకోల్ చుట్టూ కర్ర బద్దల చట్రం ఉంటాయి. పక్కగోడ ముందు ప్యానెల్‌ని కలిసే అంచు మీద ఒక అల్యూమినియం పట్టీ పరిచి వరుసగా స్క్రూలు బిగిస్తారు. టెంటు తగిలించే ఆనింగ్ రెయిలు అదే. రెయిలు కింద మెత్తటి మాస్టిక్ పరుస్తారు, నీళ్లని ఆపేది అదే. పదేళ్లకి ఆ మాస్టిక్ ఎండి, గట్టిపడి, పగుళ్లు తీస్తుంది. ఒక స్క్రూ తుప్పు పట్టినా చాలు, నీళ్లు దాని వెంటే నేరుగా కర్రలోకి దిగుతాయి. పైగా ఇది కదిలే ఇల్లు. మోటర్‌వే మీద గంటకి 60 మైళ్ల వేగంతో లాగుతుంటే బండి మెలికలు తిరుగుతుంది, ఎదురొచ్చే వాన జల్లు ముందు అతుకుల్లోకి కొడుతుంది. అందుకే ముందు మూలలు తొందరగా పోతాయి.

మా నాన్న కోనసీమలో వడ్రంగి. నా మొదటి బండి గోడ విప్పిన ఏడు ఆయన ఇక్కడే ఉన్నారు. లోపలి ప్లైవుడ్ ఊడదీస్తే వెనక బద్ద పాలల్లో నానిన రస్కులా చేతికి వచ్చేసింది. ఆయన స్క్రూడ్రైవరుతో పొడిచి చూసి నవ్వారు. మన ఊళ్లో తలుపు వానాకాలం ఉబ్బి పట్టేస్తుంది, సంక్రాంతి నాటికి మళ్లీ సరిపోతుంది. వందేళ్లయినా పుచ్చదు, రెండు వైపులా గాలి తగులుతుంది కాబట్టి. ఇక్కడ కర్రకి ఒక పక్క రేకు, ఇంకో పక్క థర్మోకోల్. ఒకసారి తడిస్తే తొందరగా ఆరే దారి లేదు. ఇలాంటి కర్ర 20 శాతం పైన నెలల తరబడి తడిగా ఉంటే బూజు పట్టి పుచ్చే ప్రమాదం ఉంది. మీ బండికి ఇంకా సమయం ఉంది, కానీ ఈ చలికాలం దాటించేంత లేదు.

మీటరు అంకె గురించి. ఇక్కడి వర్క్‌షాపులు సాధారణంగా వాడే లెక్క ఇది: 15 దాకా భయం లేదు, 15 నుంచి 20 మధ్య ఉంటే కన్నేసి ఉంచాలి, 20 దాటితే నీళ్లు దిగుతున్నట్టు, 30 దాటితే లోపలి కర్ర దెబ్బతింటూ ఉండొచ్చు. ఈ లెక్క మంచిదే, కానీ ఒక్క అంకె పట్టుకుని నిద్ర పాడుచేసుకోవద్దు. మీటరు చేసే పని రెండు సూదుల మధ్య కరెంటు ఎంత తేలిగ్గా పోతోందో చూడటం, అంతే. తడి కర్రలో తేలిగ్గా పోతుంది. వెనక పిన్ను ఉన్నా, రేకు కాగితం ఉన్నా, వైరు ఉన్నా కూడా తేలిగ్గానే పోతుంది. ఒకసారి లెస్టర్‌లో ఒకాయన బండిలో 40 చూపించి అందరం బెదిరిపోయాం. అంగుళం పక్కన గుచ్చితే 13. వెనక స్టేపుల్ పిన్ను ఉంది.

అందుకని నేను ముందుగా బయటిగోడ కాని చోట, అంటే లోపలి అల్మరా చెక్క మీదో, రెండు గదుల మధ్య తడిక మీదో ఒక అంకె తీసుకుంటాను. అది 12 ఉంటే బండి పొడిగా ఉన్నట్టు. అదే 17 ఉంటే బండి లోపల గాలే చెమ్మగా ఉన్నట్టు, అప్పుడు గోడ మీద 19 వచ్చినా కంగారు పడక్కర్లేదు. 15 పౌండ్ల చవక మీటరు కూడా ఈ పోలికకి పనికొస్తుంది. మీ బండిలో మిగతా చోట్ల 12 నుంచి 14 అన్నారు కాబట్టే ఆ 24 ని నేను నమ్ముతున్నాను. ఒక మాట: ఇటీవలి మోడళ్లలో కొన్నింటికి చట్రంలో కర్ర బదులు ప్లాస్టిక్ జాతి పదార్థం వాడుతున్నారు. మీటరు స్కేలు కర్ర కోసం చేసింది కాబట్టి అలాంటి బండ్లలో ఆ శాతాలకి ఇదే అర్థం ఉండదు. మీదేదో కంపెనీ పుస్తకంలో చూసుకోండి.

ఒక తెల్లకాగితం మీద బండి బొమ్మ గీయండి. ఆ 24 వచ్చిన చోటు చుట్టూ పైకి, కిందికి, పక్కలకి పది సెంటీమీటర్లకి ఒకటి చొప్పున గుచ్చి అంకెలు రాయండి. సూది గుర్తులు కనపడకుండా సీటు కింద పెట్టెల్లో, పరుపు వెనక, అంచు పట్టీల పక్కన గుచ్చండి. అంకెలు ఎటు పెరుగుతున్నాయో నీళ్లు అటునుంచే వస్తున్నాయి. చాలామంది చెమ్మ కనిపించిన చోటే పూత పూస్తారు. నీళ్లు పైన ఎక్కడో దిగి, బద్ద వెంట జారి, ఎక్కడ అడ్డం తగిలితే అక్కడ నిలుస్తాయి. నా బండిలో మరక సీటు ఎత్తులో ఉంది. నీళ్లు దిగింది మాత్రం కప్పు అంచు దగ్గర ఒకే ఒక్క స్క్రూ నుంచి. మధ్యలో మీటరున్నర దూరం.

మీటరు లేకపోయినా చెయ్యీ ముక్కూ చాలా చెబుతాయి. బొటనవేలితో గట్టిగా నొక్కితే గోడ మెత్తగా లోపలికి పోతోందా? గోడకాగితం ఉబ్బిందా? సీటు కింద పెట్టె తెరిస్తే ముక్కిపోయిన బియ్యం వాసన వస్తోందా? (అమ్మకానికి పెట్టిన బండిలో ఎయిర్ ఫ్రెష్‌నర్ గుప్పుమంటే నేను ఇంకాస్త ఎక్కువసేపు వెతుకుతాను.) బయట రెయిలు స్క్రూల కింద తుప్పు చారలున్నాయా? అల్యూమినియం రేకు మీద మొటిమల్లాంటి చిన్న బొడిపెలు వచ్చాయంటే లోపలి తడి రేకుని వెనకనుంచి తినేస్తోందని అర్థం. అది కనిపించిన బండి నేను కొనను, ఎంత తగ్గించినా సరే.

మీ ముందు కుడి మూలకి వస్తే, నా అనుమానాల వరుస ఇది. మొదటిది గ్రాబ్ హ్యాండిల్. బండిని చేత్తో జరపడానికి మూలల్లో ఉండే పిడి. అందరూ దాన్ని పట్టుకునే గుంజుతారు, వెనక మాస్టిక్ విడిపోతుంది. నేను చూసిన ముందు మూల లీకుల్లో దాదాపు సగం దీనివల్లే. రెండోది ఆనింగ్ రెయిలు, మీ వర్క్‌షాపు "మాస్టిక్ ఎండింది" అన్నది బహుశా దీని గురించే. తర్వాత ముందున్న చిన్న మార్కర్ లైటు, ఆపైన ముందు కిటికీ రబ్బరు. కప్పు మీది రూఫ్‌లైటు (పైకి తెరుచుకునే కిటికీ) అంత ముందుకి ఉండదు కానీ దాన్ని కూడా పూర్తిగా వదిలేయలేం.

తేల్చుకోవడానికి గొట్టం పరీక్ష చేయొచ్చు, డీలర్ చూసి వెళ్లాకే సుమా. ఒకరు లోపల టార్చితో ఉండాలి. బయట ఒకరు మామూలు గొట్టంతో సన్నటి ధార పెట్టాలి. ప్రెషర్ వాషర్ వద్దు, అది లేని లీకుల్ని కూడా పుట్టిస్తుంది. కిందనుంచి మొదలుపెట్టి పైకి వెళ్లండి, ఒక్కో చోట పది పదిహేను నిమిషాలు. పైన మొదలుపెడితే నీళ్లు కిందికంతా కారి ఎక్కడ దిగాయో తెలియదు. లోపల సీటు పెట్టెలో పొడి టిష్యూ కాగితాలు పరిచి ఉంచితే మొదటి చుక్క ఇట్టే కనిపిస్తుంది. ఇంత చేసినా దొరకకపోతే గాలి పరీక్ష చేసే వర్క్‌షాపులున్నాయి. బండి లోపలికి కొంచెం ఒత్తిడితో గాలి పంపి, బయట అతుకుల మీద సబ్బు నీళ్లు చల్లుతారు. లీకున్న చోట బుడగలొస్తాయి, మన సైకిల్ ట్యూబు పంక్చరు చూసినట్టే.

నేల తడిస్తే ముందు వానని అనుమానించకండి. బండిలో మనం నింపుకునే నీళ్లే కారొచ్చు: కుళాయి కింది గొట్టం జాయింటు, పంపు, షవరు ట్రే పగులు. మా స్నేహితుడి బండిలో బాత్రూము పక్క నేల మెత్తబడితే కప్పంతా వెతికాం. చివరికి షవరు ట్రేలో నీళ్లు నిలిపి కేసరి రంగు కలిపాం. గంటలో నేల అడుగున నారింజ రంగు చుక్కలు. నేల కిర్రుమంటూ మెత్తగా ఊగుతూ, మీటరు మాత్రం పొడి అని చూపిస్తే అది నీళ్ల గొడవ కాదు. నేల పొరలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి ఉంటాయి. రంధ్రాలు వేసి రెసిన్ (గట్టిపడే జిగురు) ఎక్కించి సరిచేస్తారు.

ఇక సిలికాన్ ఎందుకు వద్దంటానంటే. పైపూత అతుకు లోపలి స్క్రూ రంధ్రాన్ని మూయదు. లోపలికి వెళ్లిన నీళ్లు బయటికి వచ్చే దారిని మాత్రం మూసేస్తుంది. వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ అయితే అల్యూమినియాన్ని తినేస్తుంది కూడా. అన్నిటికన్నా విసుగు, ఒకసారి సిలికాన్ పూసిన చోట తర్వాత ఏ మాస్టికూ అతుక్కోదు. నా రెండో బండికి పాత యజమాని రెయిలు పొడవునా పూసి పెట్టాడు. అది గోకి తీయడానికి మూడు శనివారాలు పట్టింది.

సరైన పని ఒక్కటే. పట్టీనో పిడినో విప్పి, పాత మాస్టిక్ మొత్తం ప్లాస్టిక్ గరిటెతో గీకి, వైట్ స్పిరిట్‌తో (పెయింటు పలచన చేసే ద్రవం) తుడిచి, గట్టిపడని బ్యూటైల్ మాస్టిక్ టేపు పరిచి, కొత్త స్టెయిన్‌లెస్ స్క్రూలతో బిగించాలి. రెండు రోజుల తర్వాత అంచుల్లోంచి ఉబికిన మాస్టిక్ కోసేయాలి. గ్రాబ్ హ్యాండిల్ అయితే ఒక మధ్యాహ్నంలో మీరే చేసుకోవచ్చు. రెయిలు తీయడం మాత్రం మొదటిసారి ఒంటరిగా చేయొద్దు, అది వంగితే మళ్లీ సరిగ్గా కూర్చోదు. వైట్ స్పిరిట్ కిటికీల మీద పడకుండా చూసుకోండి. అవి గాజు కాదు, అక్రిలిక్. సన్నటి పగుళ్లు రావొచ్చు. వెంట్రుకవాసి పగుళ్లకి కెప్టెన్ టోలీస్ అని పాలలాంటి ద్రవం దొరుకుతుంది, పగులులోకి తనే పాకుతుంది. కిటికీ అంచులకి వాడాను, బాగానే పనిచేసింది. కానీ ఎండిన రెయిలు మాస్టిక్‌కి అది మందు కాదు.

ఖర్చు కూడా చెబుతాను, డీలర్‌తో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. నిరుడు ఒక స్నేహితుడికి ఒక పక్క రెయిలు తీసి మళ్లీ పరచడానికి 420 పౌండ్లయింది. అదే లీకుని రెండేళ్లు వదిలేసిన ఇంకొకరికి లోపలి గోడ ఊడదీసి బద్దలు మార్చేదాకా వచ్చి 2,300 అయింది.

ఇప్పుడు ఇడ్లీల సంగతి. ఆ మూలకి అవి కారణం కాదన్నాను కానీ, మన వంట బండిని తడపదని కాదు. ప్రొపేన్ మండితే నీళ్లే పుడతాయి. కిలో గ్యాసు మండితే దాదాపు 1.6 లీటర్ల నీరు ఆవిరిగా లోపలి గాలిలో కలుస్తుంది. కుక్కరు కూతలు, ఇడ్లీ పాత్ర ఆవిరి దానికి అదనం. నిద్రలో ఒక్కో మనిషి ఊపిరితో రాత్రికి పావు లీటరు పైనే కలుపుతాడు. బెర్మింగ్‌హామ్‌లో ఒక కుటుంబం బండిలో అన్ని గోడలూ 19, 20 చూపిస్తే అమ్మేద్దామనుకున్నారు. వాళ్లు వేల్స్‌లో వానలో నాలుగు రోజులుండి, తడి బట్టలు లోపలే ఆరేసి, కిటికీలు బిగించి వచ్చారు. రెండు రోజులు హీటరు వేసి, రూఫ్‌లైటు కొంచెం తెరిచి ఉంచితే 13 కి దిగింది. అన్నిచోట్లా కొంచెం కొంచెం పెరిగితే ఆవిరి, ఒక్కచోట ఎక్కువగా పెరిగితే లీకు. అద్దాలు పొద్దున్నే చెమర్చడం మామూలే, గుడ్డతో తుడిచి ఆ గుడ్డ బయట పిండేయండి. రెండు పొరల కిటికీ మధ్యలో చెమర్చినా లీకు కాదు. దాని చిన్న బిరడా తీసి ఎండపూట ఆరనివ్వండి.

వంట చేసేటప్పుడు రూఫ్‌లైటు తెరవండి. నేల మీదా తలుపు దగ్గరా ఉండే గాలి రంధ్రాలని చలి అని ఎప్పుడూ మూయొద్దు. అవి గ్యాసు లీకైతే బయటికి పోవడానికి, కార్బన్ మోనాక్సైడ్ పేరుకోకుండా ఉండటానికి పెట్టినవి. చెమ్మకన్నా ముందు ప్రాణం.

ఆ రంధ్రాలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి కాబట్టే చలికాలమంతా డీహ్యూమిడిఫయర్ (గాలిలో చెమ్మ లాగే యంత్రం) నడపడం వృథా అంటాను. లీడ్స్ గాలినంతా ఆరబెట్టడానికి మీరు కరెంటు బిల్లు కట్టినట్టు. మరమ్మతు అయ్యాక ఆ మూలని ఆరబెట్టడానికి మాత్రం మంచిది. అప్పుడు డెసికెంట్ రకం (చెమ్మ పీల్చే పదార్థంతో పనిచేసేది) తీసుకోండి, కంప్రెసరు రకం చలిలో మందకొడిగా పనిచేస్తుంది. లీకు ఆపకుండా నడిపితే మాత్రం అంకె దిగుతుంది, మొదటి వానకే మళ్లీ ఎక్కుతుంది. మధ్యలో ఎవరో మోసపోతారు. అమ్మేముందు ఇలా చేసేవాళ్లున్నారు.

చలికాలం బండి నిలిపేటప్పుడు పరుపులు గోడకి దూరంగా నిలబెట్టండి, అల్మరాలూ సీటు పెట్టెలూ తెరిచి ఉంచండి. నీళ్లన్నీ వదిలేసి, కుళాయి పిడి మధ్యలో పైకెత్తి ఉంచండి. గడ్డకట్టిన నీళ్లు గొట్టం పగలగొడితే వేసవి దాకా తెలియదు. కప్పు మీద నీరు నిలవకుండా ముందుండే చిన్న చక్రం (జాకీ వీల్) తిప్పి బండి ముందు భాగం ఒకటి రెండు అంగుళాలు ఎత్తండి. కవరు వేస్తే గాలాడే రకమే వేయండి. ప్లాస్టిక్ పట్టా వద్దు. తడి వడ్ల రాశి మీద పట్టా కప్పి రెండు రోజులు వదిలేస్తే ఏమవుతుందో మీకు తెలుసుగా, లోపల అదే జరుగుతుంది.

డీలర్ తేల్చేదాకా ఆ మూల మీద మాత్రం, తడి లేని రోజు చూసుకుని, రెయిలు పై భాగం నుంచి హ్యాండిల్ కింది దాకా వెడల్పాటి వాటర్‌ప్రూఫ్ టేపు అతికించండి. ముందు ఫొటో తీసి, టేపు వేస్తున్నామని ఈమెయిల్‌లో రాసి. మూడు వారాలకోసారి అదే చోట్ల, అదే మీటరుతో గుచ్చి తేదీతో రాసుకోండి. డిసెంబరు నాటికి 24 నుంచి 20 కి దిగితే నీళ్లు దిగడం ఆగిందనే అనుకోవచ్చు. టేపు వేశాక కూడా ఎక్కుతుంటే నీళ్లు ఇంకా పైనుంచి, బహుశా కప్పు అంచు నుంచి వస్తున్నాయి. అప్పుడు మీరు గీసిన ఆ అంకెల బొమ్మ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూస్తాను.